ఇన్‌కాగ్నిటోలో తెరిచిన ట్యాబ్‌లు పోకుండా ఎలా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్‌లో ఉంటాను. ల్యాప్‌టాప్ రూమ్మేట్‌ది, అందుకే క్రోమ్ బ్రౌజర్‌లో, చూసిన పేజీల జాబితా మిగలని ఇన్‌కాగ్నిటో విండోలోనే పని చేసుకుంటాను. నాన్న మోకాలి ఆపరేషన్ కోసం రాత్రంతా వెతికి 18 ట్యాబ్‌లు తెరిచి ఉంచాను. పొద్దున వాడు విండో మూసేశాడు. మూసిన ట్యాబ్‌లు తిరిగి తెరిచే కంట్రోల్ షిఫ్ట్ టి నొక్కినా రావట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అవి ఇక రావు తమ్ముడూ. ఇన్‌కాగ్నిటో హిస్టరీని సేవ్ చేయదు. ఈసారి కంట్రోల్ షిఫ్ట్ డి నొక్కు, ట్యాబ్‌లన్నీ ఒక ఫోల్డర్‌లో బుక్‌మార్క్ అవుతాయి. విండో మూసినా అవి ఉంటాయి.

జవాబు: కానీ ఆ బుక్‌మార్క్‌లు రూమ్మేట్‌కీ కనిపిస్తాయండీ. ఇంటి విషయం కదా, లింకులు మీకు మీరే మెయిల్ చేసుకోండి. నాన్నగారు త్వరగా కోలుకోవాలి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. మెయిలే నయం. రాత్రికి మళ్లీ మొదలుపెడతాను.