దశమభాగం చర్చి సంచిలోనే వేయాలా, కష్టంలో ఉన్నోళ్ల చేతికిస్తే లెక్కలోకి రాదా?

రేణిగుంట తమ్ముడు:
అందరికీ వందనాలు. సుత్తి లేకుండా విషయానికొస్తా. నాది మొబైల్ షాపులో పని, జీతం 22,000. జీతం చేతికి రాగానే దాంట్లో పదోవంతు, అదే దేవునికిచ్చే దశమభాగం, 2,200 తీసి కవర్లో పెట్టి బైబిల్లో దాచేది చిన్నప్పుడు మాయమ్మ నేర్పిన అలవాటు. ఈ నెల ఆ కవరు చర్చికి పోలా. మా వీధిలో నాలుగిళ్లల్లో అంట్లు తోమే అక్క ఒకామె ఉంది, వాళ్లాయన బేల్దారి పనిలో పైనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు, ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయిపోయింది గానీ పెద్దాసుపత్రిలో ఆయన పక్కన ఆమే ఉండాల కాబట్టి పనికి పోలేదు, ఇంటి బాడుగ, ఆటోలు, టిఫిన్లు, పిల్లోళ్లని చూసుకునే వాళ్లకి ఇంత, ఇవన్నీ ఆరోగ్యశ్రీలో రావు కదా. కవరు తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టేసినా. ఆమె మన సంఘం కాదు, అసలు క్రైస్తవురాలే కాదు, గంగమ్మ జాతరకి వేషాలు కట్టే కుటుంబం. ప్రార్థన చేస్తానక్కా అని కూడా అన్లా, ఇచ్చి వచ్చేసినా.

మా సంఘపెద్ద ఒకాయన ఆరాధన అయినాక "ఈ నెల నీ కవరు రాలేదే" అన్నాడు. చెప్పినా. "అది దేవుని సొమ్ము, నీ ఇష్టమొచ్చినోళ్లకి పంచేదానికి నువ్వెవరు, మలాకీ మూడు చదువుకో" అనేసినాడు. చదివినా. అయినా నాకు ఎక్కలా. మీరేమంటారు?

పలమనేరు దానియేలు:
బ్రదర్, మీరు చేసింది మంచి పనే, కాదన్ను. కానీ జేబు మారింది. మలాకీ 3:10లో పదియవ భాగమంతా నా మందిరపు నిధిలోకి తెమ్మన్నాడు, వీధిలో పంచమన్లా. దశమభాగం దయ కాదు, బాకీ. షావుకారికి కట్టాల్సిన డబ్బు తీసుకుపోయి బీదోడికిచ్చి నేను దానం చేసినా అంటే షావుకారు ఊరుకుంటాడా? మీ దగ్గర ఇంకా 19,800 ఉంది కదా, దాంట్లోంచి ఇయ్యండి, అప్పుడది మీ దయ అవుతుంది. దేవుని డబ్బుతో దయ చూపించి పేరు మనం కొట్టేస్తే ఎట్లా? ఇంకోటి, గలతీ 6:10లో అందరికీ మేలు చెయ్యమంటూనే విశేషంగా విశ్వాస గృహానికి చేరినోళ్లకి అన్నాడు. వరసంటూ ఒకటి ఉంటుంది.

చంద్రగిరి సువర్ణ:
దానియేలన్నా, అందరూ మలాకీ 3లో పదో వచనం దగ్గర బండి ఆపేస్తారు, ఐదో వచనం ఎవురూ చదవరు. కూలోళ్ల కూలి ఎగ్గొట్టేవాళ్ల మీద, విధవరాలిని తండ్రిలేని పిల్లల్ని బాధపెట్టేవాళ్ల మీద, పరదేశికి అన్యాయం చేసేవాళ్ల మీద నేనే సాక్షిగా నిలబడతా అంటాడు దేవుడు, అదే అధ్యాయం, అదే పేజీ. పదోదానికి ముందే ఐదోది ఉంది మరి!

ద్వితీయోపదేశకాండం 14 చివర్లో చూడండి, మూడేళ్లకొక తూరి ఆ పంటలో పదోవంతు ఎక్కడికీ మోయకుండా ఊర్లోనే పెట్టమన్నాడు, లేవీయులు (గుడి సేవ చేసే గోత్రమోళ్లు), పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాండ్రు వచ్చి కడుపునిండా తినేదానికి. పరదేశి అంటే ఇశ్రాయేలు కానోడే కదా, గంగమ్మకి మొక్కే అక్క దాంట్లోకి రాదా? అదే అధ్యాయంలో ఇంకొంచెం పైన, గుడి మరీ దూరమైతే పదోవంతు అమ్మేసి, ఆ డబ్బు పట్టుకుపోయి అక్కడ ఎద్దో గొర్రో ఇష్టమైంది కొనుక్కొని ఇంటిల్లిపాదీ దేవుని ముందర తిని సంతోషించమని కూడా ఉంది. దీని మీద ప్రసంగం విన్నోళ్లు ఉంటే చెయ్యెత్తండి, నేనైతే వినలా.

పలమనేరు దానియేలు:
సువర్ణక్కా, నేనూ ఆ అధ్యాయం చదివినా. కానీ యేసయ్య ఏమన్నాడు? మత్తయి 23లో పుదీనా, సోపు, జీలకర్రలో కూడా పదోవంతు లెక్కేసి ఇచ్చే పరిసయ్యుల్ని న్యాయం, కనికరం, విశ్వాసం వదిలేసినారని తిట్టినాడు, సరే. చివర్లో వాటిని మానకుండా వీటిని చెయ్యమన్నాడు. రెండూ చెయ్యమన్నాడు, ఒకటి తీసి ఇంకోదానికి సర్దమన్లా.

పుత్తూరు లెక్కలు:
నేను ఒక చిన్న సంఘంలో కానుకలు లెక్కపెట్టే మనిషిని కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా, ఓపికుంటే చదవండి.

ఆరాధన అయినాక చాప మీద సంచి బోర్లిస్తాం. ఇద్దరం లెక్కపెట్టాల, ఇద్దరం పుస్తకంలో సంతకం పెట్టాల, అది రూలు. పది రూపాయల నోట్లు మాత్రబిళ్ల సైజుకి మడతలు పెట్టి ఉంటాయి, చెంగు ముడిలో తెచ్చినవి, విప్పేదానికే టైం పడుతుంది, కొన్నిట్లో పూల వాసన, ఎందుకంటే మా సంఘంలో పూలు కట్టే ఆడోళ్లు ఎక్కువ. అంగట్లో చెల్లని చినిగిన నోట్లు కూడా దేవునికే వస్తాయి, అది వేరే కథ. వారానికి 2,000 దాటితే మాకు పండగ. దాంట్లోంచి రేకుల షెడ్డు బాడుగ, కరెంటు బిల్లు, మైకుసెట్టు రిపేరు, మిగిలింది మా పాస్టరు అయ్యగారికి. ఏదో ఒక నెలలో 8,000 ఇస్తాం, కొన్ని నెలలు అది కూడా ఇయ్యలేం. పాస్టరమ్మ జాకెట్లు కుడుతుంది, అట్లా నడుస్తాంది.

తమ్ముడు లాంటి వాళ్లు ఒక నలుగురు ఒకే నెలలో కవరు పక్కకి తిప్పినారనుకోండి, మొదట ఆగేది అయ్యగారింట్లో బియ్యం. ఆయన ఎవరు? రాత్రి ఒంటిగంటకి ఎవరికో నొప్పులొస్తే ఫోను పోయేది ఆయనకే. మార్చురీ దగ్గర తెల్లార్లూ కూర్చుని శవాన్ని ఇప్పించుకొచ్చేది ఆయనే, అది కూడా సంఘం వాళ్లకే అని కాదు, వీధిలో ఎవరైనా సరే. సంఖ్యాకాండం 18లో పదోవంతు లేవీయులకి ఇచ్చిందే వాళ్లకి భూమి లేదు కాబట్టి. మా అయ్యగారికి సెంటు భూమి లేదు. "చర్చి సంచి" అంటే మీకు ఏదో హుండీ లెక్క కనపడుతుందేమో, నాకు ఆ జాకెట్ల మిషను కనపడుతుంది.

నేను చెప్పేది రేకుల షెడ్డు సంఘాల మాట. ఎల్ఈడీ గోడలున్న సంఘాల్లో నీ కవరు రాకపోతే ఎవరింట్లోనూ పొయ్యి ఆరదు, అక్కడైతే తమ్ముడు చేసిందే కరెక్టు అంటా నేను. అంటే రూలు ఒకటే కాదు, ఎవరి సంచి ఏంటో చూసి మాట్లాడాల.

కొర్లగుంట శ్రీను:
నేను హిందువుని, మధ్యలో దూరినందుకు ఏమనుకోవద్దు. మా కొండ మీద హుండీ వేరే, అన్నదానం ట్రస్టు వేరే, ప్రాణదానం ట్రస్టు వేరే. 1985లో ఎన్టీఆర్ టైంలో నిత్యాన్నదానం రోజుకి 2,000 మందితో మొదలెట్టినారు, ఇచ్చినోళ్ల డబ్బు బ్యాంకులో వేసి వడ్డీతో వండేట్టు పెట్టినారు. మొక్కు ఉన్నోడు హుండీలో వేస్తాడు, ఆకలికి ఇయ్యాలనుకున్నోడు దానికి వేరే రసీదు తీసుకుంటాడు, గొడవే లేదు. మీరు కూడా రెండు సంచులు పెట్టుకోవచ్చు కదబ్బా, దీనికి ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కాలా.

పలమనేరు దానియేలు:
శ్రీనన్నా, రెండో సంచి పెడితే మొదటి సంచి ఖాళీ అవుతుంది, అదే భయం. బీదలకి అంటే అందరూ వేస్తారు, కరెంటు బిల్లుకి అంటే ఎవరేస్తారు?

విచారణ పిల్ల:
మేము ఆర్సీఎం, అంటే రోమన్ కాథలిక్కులం. మాకు దశమభాగం అని గట్టిగా అడగరు, కానీ మా విచారణలో, అంటే మా ఫాదర్ చూసుకునే సంఘంలో, బీదలకి సాయం చేసే విన్సెంట్ డి పాల్ సభ ఉంది. 1833లో ప్యారిస్‌లో ఓజనాం అనే స్టూడెంటు, వాళ్ల ఫ్రెండ్సు కలిసి పెట్టింది. దాంట్లో నాకు నచ్చే పద్ధతులు రెండు. మీటింగులో సంచి తిప్పితే ఎవరెంత వేసినారో పక్కనోళ్లకి కూడా తెలియకూడదు, చెయ్యి లోపలికి పెట్టి వదిలేసేదే. ఇంకోటి, కష్టంలో ఉన్నోళ్ల ఇంటికి ఒక్కరే పోకూడదు, ఇద్దరు పోవాల. డబ్బులు పంపించి ఊరుకోవడం కాదు, పోయి కూర్చోవాల, వాళ్లు చెప్పేది వినాల. మా నాన్న పోయి వచ్చినాక ఎవరింటికి పోయినారో ఇంట్లో మాకు కూడా చెప్పడు. కవరు మీద పేరు, నెల, మొత్తం రాసిచ్చే పద్ధతి వింటే నాకు కొంచెం వింతగా ఉంది, సారీ.

చిత్తూరు మేరి:
ఇచ్చేవాళ్లే మాట్లాడతాండారు. తీసుకున్నదాన్ని నేను, నా మాట కూడా వినండి.

మా ఆయన పోయినప్పుడు పిల్లలిద్దరూ చిన్నోళ్లు. సంఘంలో ఒక ఆంటీ, నిజంగా మంచామె, దాంట్లో డౌటు లేదు, స్కూలు ఫీజు ఆమే కట్టింది, ఎవరికీ చెప్పలేదు కూడా. కానీ తర్వాత ఏమైందంటే వాళ్లింట్లో ఏ కార్యమొచ్చినా వడలకి పిండి రుబ్బేది నేనే అయినా, ఆమె రమ్మన్లేదు, రాకపోతే నాకే బాగుండదు. క్రిస్మస్‌కి మా అన్న నాకు చీర పెడితే ఆ చీర కట్టుకుని చర్చికి పోయేదానికి భయం, ఆంటీ చూస్తుందని. చూసింది. "బాగుందే, ఎంత?" అనింది, అంతే, ఇంకేం అన్లేదు. ఆ "ఎంత" నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఇంకో తూరి సంఘం ఫండ్ లోంచి 3,000 ఇచ్చినారు, మైకులో నా పేరు చదివి, విధవరాలైన సహోదరికి అని చెప్పి, అందరూ చప్పట్లు కొట్టినారు, నేను కొంగు నోట్లో పెట్టుకుని పోయి తీసుకున్నా. రెండిట్లో ఏది కష్టం అంటే, మైకు ఒక్క పూట. ఆంటీ ఏళ్ల తరబడి.

కాబట్టి చర్చి సంచా, చేతికా అనేది నాకు పెద్ద ప్రశ్న కాదు. తీసుకున్న మనిషి రేపు నీ ముందర తలెత్తుకుని నడవగలదా అనేదే ప్రశ్న. తమ్ముడు ఇచ్చి, ఏమీ అనకుండా వచ్చేసినాడు, ప్రార్థన మాట కూడా ఎత్తలేదు, అది నాకు బాగా నచ్చింది. కానీ తమ్ముడూ, ఒకటి అడుగుతా కోపం తెచ్చుకోవద్దు. ఆమె నాలుగిళ్లల్లో చేస్తుంది అన్నావు. ఆ నాలుగిళ్లోళ్లు ఆమె రాని రోజులకి జీతం కోసినారా, ఇచ్చినారా? మొగుడు ఆసుపత్రిలో ఉన్న నెల కోయకుండా ఇచ్చుంటే ఆమెకి నీ కవరుతో పనేముంది?

రేణిగుంట తమ్ముడు:
అక్కా, మా ఇంట్లో చెయ్యదు, మా ఆవిడే చేసుకుంటుంది. మిగతా వాళ్లు కోసినారనే అనుకుంటా, ఒక ఇంట్లో అయితే ఇంకొకామెని పెట్టుకున్నారు కూడా. ఆ నాలుగిళ్లల్లో రెండు విశ్వాసులవే.

చంద్రగిరి సువర్ణ:
ఐదో వచనం!!

పలమనేరు దానియేలు:
దీంట్లో మాత్రం మేరక్కతో నేను ఒకటే. యాకోబు 5:4 ఉంది, చేను కోసినోళ్ల కూలి పట్టుకుంటే ఆ కూలే మొర పెడుతుంది అని. ఆమెది బాకీ. నేను దశమభాగం బాకీ అంటే ఒప్పుకోనోళ్లు కనీసం ఇదైనా ఒప్పుకోండి. కానీ చూసుకోండి, దీనికి చర్చి కవరు ముట్టుకోవాల్సిన పనే రాదు, నేను మొదట్నుంచి చెప్తాండేది అదే.

మదనపల్లె మాస్టారు (రిటైర్డు):
పిల్లలూ, నేరుగా ఇచ్చేది గొప్ప, సంచిలో వేసేది తక్కువ అన్నట్టు మాట్లాడొద్దు. మా ఊరి పక్కన ఆరోగ్యవరం ఉంది, 1915 నాటి టీబీ శానిటోరియం. అప్పట్లో క్షయకి మందే లేదు, స్ట్రెప్టోమైసిన్ 1940ల్లో గానీ రాలేదు. మంచి గాలి, తిండి, విశ్రాంతి, అంతే వైద్యం. ఇంట్లో వాళ్లే వేరే పళ్లెం పెట్టే రోగం అది. వేర్వేరు మిషన్లు, ఒకరి సిద్ధాంతం ఒకరికి పడనివాళ్లు కూడా, తలా ఇంత వేసుకుని పెట్టినారు, యూనియన్ మిషన్ అనే పేరు అందుకే. మొదట్లో నడిపింది డెన్మార్క్ డాక్టరు ఫ్రిమోట్ మొల్లర్. ఏ ఊర్లో ఏ ముసలామె వేసిన కానుక ఎవరి మంచం అయిందో ఎవరికీ తెలియదు. మేరి చెప్పిన బాధ అక్కడ లేదు చూడండి, ఆ మంచం మీద పడుకున్నోడు ఎవరి చీర ఖరీదుకీ జవాబు చెప్పాల్సిన పని లేదు.

అట్లాగే మిజోరంలో ఆడోళ్లు ప్రతిపూటా వండేముందు పిడికెడు బియ్యం తీసి చర్చికి పక్కన పెడతారు, వందేళ్ల పైమాటే ఆ పద్ధతి. మన తెలుగు సంఘాల్లో కూడా పిడికెడు బియ్యం ఉండేది, ఇప్పుడు అందరూ ఫోన్‌పే.

చంద్రగిరి సువర్ణ:
మాస్టారూ, బాగా చెప్పినారు కానీ ఆ సంచి ఆరోగ్యవరం దాకా పోయింది, మా సంచి ఏసీ దాకా పోయి ఆగిపోయింది. లెక్క చూపిస్తే నేను రెండు చేతుల్తో వేస్తా.

పుత్తూరు లెక్కలు:
లెక్క అడగండమ్మా, అడిగే హక్కు ఉంది. మా దగ్గర పుస్తకం బల్ల మీదే ఉంటుంది, తెరిచి చూసినోళ్లు మాత్రం ఇంతవరకు ఒక్కరూ లేరు. శ్రీను చెప్పిన రెండో సంచి మాకు ఉంది, ప్రభు బల్ల ఆదివారం (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆదివారం) నాడు మాత్రం తిప్పుతాం, అది బీదలకే. దానియేలన్న భయపడినట్టు మొదటిది ఖాళీ ఏం కాలేదు. కాకపోతే రెండోదాంట్లో చిల్లర ఎక్కువ, నోట్లు తక్కువ.

కొర్లగుంట శ్రీను:
అదిగో, నేను చెప్పలా.

చిత్తూరు మేరి:
రెండో సంచి పెట్టినా సరే, మైకులో పేర్లు చదవొద్దని కమిటీలో రాయించుకోండి. ముందు అది.

రేణిగుంట తమ్ముడు:
అందరికీ థ్యాంక్స్. ఆదివారం అయ్యగారినే అడుగుతా, రెండో సంచి సంగతి, మైకు సంగతి. ఆ ఇద్దరు విశ్వాసుల ఇళ్లకి ఈలోపే పోయొస్తా, జీతం మాట అడిగేదానికి, తిడితే తిడతారు.

పలమనేరు దానియేలు:
పో తమ్ముడూ, అడుగు. వచ్చే నెల కవరు మాత్రం ఆపొద్దు.

రేణిగుంట తమ్ముడు:
ఆపనన్నా. యాడికి పోతుందో మాత్రం చెప్పను, కుడిచెయ్యి చేసేది ఎడమచెయ్యికి తెలియకూడదంట కదా, మీకైతే అసలే చెప్పను.