గుట్ట కింద చీనీ తోట: ఎండాకాలం మంటలకు ముందే ఏం చేయాలి?

నార్పల చీనీ రైతు

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా నార్పల వైపు. గుట్టను ఆనుకునే నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది, చెట్లకు ఏడేళ్లు. పోయిన మార్చిలో ఒక మధ్యాహ్నం గుట్ట మీద మంట లేచింది. ఎవరైనా పెట్టారో, బీడీ ముక్క పడిందో తెలియదు. సాయంత్రం దాకా పైపైనే ఉంది. మన వైపు రాదులే అని అన్నానికి ఇంటికొచ్చాం. రాత్రి ఎనిమిదికి పక్క తోట మామ ఫోన్ చేశాడు, మీ తోట అంటుకుందిరా అని.

పోయేసరికి గుట్ట వైపు మూడు వరుసలు పోయాయి. 41 చెట్లు. డ్రిప్ పైపులు కరిగి నల్లగా నేలకు అతుక్కున్నాయి. మోటారు వేద్దామంటే ఆ టైంలో త్రీ ఫేజ్ కరెంటు లేదు. ఫైరింజన్ వచ్చింది గానీ బాట ఇరుకు, కంప చెట్లు, మలుపు దగ్గరే ఆగిపోయింది. తెల్లారి మా నాయన ఒక్కో చెట్టు దగ్గర కూర్చుని బెరడును గోటితో గీకి చూశాడు, లోపల పచ్చ ఉందేమోనని. ఎవరితోనూ మాట్లాడలేదు. 41లో 12 మళ్లీ చిగురేశాయి.

ఈ ఏడు అక్టోబర్ వానలు బాగా పడ్డాయి. గుట్ట మీద బోద గడ్డి నడుమెత్తు పెరిగింది. ఇంకా ఫిబ్రవరి మొదటి వారమే, అప్పుడే ఎండి గలగలమంటోంది. ఎండాకాలం అంచనా వచ్చాక చూద్దాంలే అంటున్నాడు నాయన. అది ఎప్పుడొస్తుంది? అంతవరకు ఆగొచ్చా?

ఆత్మకూరు వాసి

తమ్ముడూ, ఆగొద్దు. నేను నల్లమలలో 11 ఎండాకాలాలు ఫైర్ వాచర్‌గా పనిచేశాను. నీ రాత చదువుతుంటే ఆ వాసన మళ్లీ ముక్కుకు తగిలింది.

మార్చి నుంచి మే దాకా ఎండలెలా ఉంటాయో వాతావరణ శాఖ ఫిబ్రవరి చివర్లో చెబుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అంచనా మార్చి చివర్లో వస్తుంది. అవి తప్పక చూడు, కూలీలకు, పశువులకు పనికొస్తాయి. మైదానంలో 40 దాటి, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాలి అంటారు. 45 ముట్టిందంటే మామూలు ఎంతన్నది చూడరు, వడగాలే. ఈ లెక్క మనిషి ప్రాణానికి. గడ్డికి ఈ లెక్క లేదు. 36 డిగ్రీల రోజున కూడా గాలి ఉంటే చాలు, అంటుకుంటుంది. మా అడవిలో ఎక్కువ మంటలు నేను చూసింది ఫిబ్రవరి, మార్చిలోనే, రోహిణి కార్తెలో కాదు.

ఇంకో మాట. మీ జిల్లాలో ఏడాది వానే 550 మిల్లీమీటర్ల చిల్లర. కరువు ఏడు గుట్ట మీది గడ్డి గొర్రెలకే చాలదు, ఇక మండేదేముంది? వాన బాగా పడిన ఏటి తర్వాతి ఎండాకాలమే భయం. నువ్వు చెప్పిన నడుమెత్తు బోదే నీకు అసలైన అంచనా. అది మీ నాయనకు చూపించు.

మంట రాత్రి ఎందుకు దిగిందో చెబుతా. పగలు గాలి వాలు వెంట గుట్ట ఎక్కుతుంది, మంటా దానితోనే పైకి పోతుంది. పొద్దుగుంకాక పైన చల్లబడిన గాలి కిందికి జారుతుంది. దానితో మంట దిగుతుంది. కాలిన మొద్దులూ దొర్లుతాయి. ఎండిన పేడకళ్లు పైకి బూడిదలా ఉండి లోపల తెల్లార్లూ రగులుతాయి. మంట ఆరిందని ఇంటికి పోవడమే పెద్ద తప్పు, నేనూ ఒకసారి చేశాను. నాగలూటి దారిలో, శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే భక్తులు వంట చేసుకున్న పొయ్యి. నీళ్లు పోశాం, పొగ లేదు, వచ్చేశాం. తెల్లారి చూస్తే వెదురు పొద మండుతోంది. అప్పటి నుంచి బూడిదలో కట్టెతో కలబెట్టి, చేతి వెనక వైపు దగ్గర పెట్టి వేడి లేదనుకున్నాకే కదిలేవాణ్ణి.

పని మాత్రం ఈ వారమే మొదలుపెట్టు. గుట్ట వైపు నీ గట్టు లోపలే 12 అడుగుల వెడల్పున ట్రాక్టర్‌తో దున్నించు, మట్టి తప్ప పుల్ల కనబడకూడదు. బాట పక్క కంప కొట్టించు. కరెంటు లేని వేళకు రెండు డ్రమ్ములు నింపి ఉంచు, మందు కొట్టే స్ప్రేయర్, పొడవు పైపు అక్కడే ఉండాలి. పాదుల్లో బుడ్డల (వేరుశనగ) పొట్టు పరిచి ఉంటే గుట్ట వైపు నాలుగు వరుసల్లో తీసెయ్. తేమ నిలుపుతుంది నిజమే, నిప్పు పడితే అదే కొంప ముంచుతుంది. ఆ వరుసలకు నీళ్లు కొంచెం ఎక్కువ ఇవ్వు, అంతే.

డోన్ కుర్రోడు

ఇంత కష్టమెందుకన్నా? గాలి లేని రోజు చూసి గుట్ట మీద గడ్డిని మనమే తగలబెట్టేస్తే టెన్షన్ ఉండదు కదా. మా ఊళ్లో కొత్త చిగురొస్తుందని కాపర్లు అదే చేస్తారు.

సిద్దవటం టీచర్

దయచేసి ఆ పని చేయకండి, బాబూ. గుట్ట రిజర్వ్ ఫారెస్టు అయితే 1967 నాటి అటవీ చట్టం ప్రకారం అక్కడ నిప్పు పెట్టడం నేరం. నా బాధ అంతకన్నా పెద్దది. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మా రెడ్డిపల్లి దగ్గరే మళ్లీ కనబడింది. దాని కోసమే లంకమల అభయారణ్యం వచ్చింది. అది నేల మీద, కంప పొదల నడుమ బతికే పిట్ట. మీ గుట్ట మీద కలివికోడి ఉండకపోవచ్చు, కౌజులు, కుందేళ్లు ఉంటాయి. మొన్న మా పిల్లలను కొండ కిందికి తీసుకెళ్తే కాలిన గడ్డిలో కౌజు గూడు దొరికింది. గుడ్లు ఉడికిపోయి పగిలి ఉన్నాయి. నాలుగో తరగతి పాప ఒకటి చేతిలో పెట్టుకుని ఏడ్చింది.

గడ్డి తగ్గాలంటే ఫారెస్టు వాళ్లనడిగి కోసుకోండి. అడవిలో మంటలను ఉపగ్రహం పట్టగానే ఫోన్‌కు మెసేజ్ పంపే ఏర్పాటు ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియాకు ఉంది, మనమూ నమోదు చేసుకోవచ్చు.

ఆత్మకూరు వాసి

టీచరమ్మ మాట నూటికి నూరు పాళ్లు నిజం. మెసేజ్ నమోదు చేసుకో తమ్ముడూ, కానీ దాన్నే నమ్ముకోవద్దు. ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే మన మీదుగా పోతుంది. గుట్ట కనబడే ఇంట్లో ఉన్న ముసలాయన కళ్లే ముందు పట్టుకుంటాయి. ఆయన దగ్గర నీ నంబర్, ఫైరింజన్‌కు 101, ఫారెస్టు బీట్ ఆఫీసర్ నంబర్ పెద్ద అక్షరాలతో రాసిపెట్టు.

తాడిపత్రి నర్సు

ఒక్క మాట చేర్చనివ్వండి. మంట ఆర్పడానికి పోయేవాళ్లు పాలిస్టర్ చొక్కాతో పోవద్దు, కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలు బట్ట, కాళ్లకు బూట్లు ఉండాలి. అసలే ఎండ, పక్కనే మంట. మాటలు తడబడుతున్నా, చెమట ఆగి ఒళ్లు కాలుతున్నా నీడకు లాగి తడిగుడ్డలతో తుడుస్తూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. మంటకు వెరవనివాళ్లు కూడా ఎండదెబ్బకు పడిపోవడం నేను చూశాను.

నార్పల చీనీ రైతు

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నా. ఆత్మకూరు అన్న రాసింది నాయనకు చదివి వినిపించాను. గాలి రాత్రి కిందికి దిగుతుందన్న చోట మళ్లీ చదవమన్నాడు. నిన్న ట్రాక్టర్ పెట్టి గుట్ట వైపు దున్నించాం. తూర్పు మూల అంతా బండలు, గొర్రు దిగలేదు. అక్కడ ఆదివారం పారలతో చెక్కుతాం, పక్క తోట మామ, ఆయన కొడుకులు కూడా వస్తామన్నారు. పొట్టు నాలుగు వరుసల్లో తీసి ఇంటి వైపు చెట్లకు వేశాం. చిగురేసిన 12 చెట్ల చుట్టూ మాత్రం నాయన ఎవరినీ రానివ్వలేదు, తనే చేత్తో ఎత్తాడు.