జ్వరం పోయి మూడు వారాలైంది, తెమడ మాత్రం కదలట్లేదు

నేనుండేది బెంగళూరు మారతహళ్లిలో, పీజీలో. పోయిన నెల ఆఫీసులో సగం మందికి ఫ్లూ వచ్చింది, నాకూ అంటుకుంది. జ్వరం నాలుగు రోజుల్లో పోయింది కానీ పొద్దున లేవగానే గొంతులో తెమడ, పది నిమిషాలు దగ్గితే గానీ రాదు. వైరస్ పోయాక కూడా ఇదేంటి? పచ్చగా పడుతోందని మా రూమ్మేట్ తన దగ్గర మిగిలిపోయిన యాంటీబయాటిక్ వేసుకోమంటున్నాడు.

జవాబు 1: నేను ఛాతీ ఫిజియోథెరపీ చేస్తాను, రోజూ వినే ప్రశ్నే ఇది. గాలి గొట్టాల లోపలి పొర మీద నూగులాగా సీలియా ఉంటాయి, ఒక్కో కణానికి సుమారు 200, సెకనుకు పదిసార్లకు పైగా ఊగుతాయి. అన్నీ ఒకే వైపు ఊగుతూ పైనున్న జిగురును, అందులో ఇరుక్కున్న దుమ్ముతో సహా గొంతు దాకా నెట్టుకొస్తాయి, మనం తెలియకుండానే మింగేస్తాం. ఫ్లూ వైరస్ దూరేది ఈ సీలియా ఉన్న కణాల్లోకి కూడా. అవి చచ్చి రాలిపోతాయి. అదే టైంలో జిగురు ఎక్కువ తయారవుతుంది, చచ్చిన తెల్లరక్తకణాల డీఎన్ఏ అందులో కలిసి బంకలా సాగుతుంది. సరుకు రెట్టింపు, మోసేవాళ్లు లేరు, ఇక మిగిలింది దగ్గొక్కటే. వైరస్ పోయినా అడుగునున్న కణాలు విభజన చెంది కొత్త సీలియా మొలవడానికి వారాలు పడుతుంది. ఈలోగా సిగరెట్ ముట్టుకోకండి, ఆ పొగకు ఉన్న సీలియా కూడా సరిగ్గా ఊగవు.

జవాబు 2: రూమ్మేట్ గారి వైద్యం వద్దు బ్రో. ఆ పచ్చరంగు న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాల్లోని ఎంజైమ్‌ది, వట్టి వైరస్ వచ్చినా అలాగే పడుతుంది. యాంటీబయాటిక్ వైరస్ మీద పని చేయదు.

జవాబు 3: అది నిజమే, కానీ మరీ ధీమాగా ఉండకండి. ఊడ్చేవాళ్లు లేని ఇంట్లోకి బ్యాక్టీరియా సులువుగా వస్తుంది. 1918 ఫ్లూలో చాలామంది ప్రాణాలు తీసింది ఆ తర్వాత వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియానే. తగ్గిన జ్వరం మళ్లీ వచ్చినా, ఆయాసమొచ్చినా, తెమడలో రక్తం కనిపించినా ఆ రోజే డాక్టర్ దగ్గరికెళ్లండి.

అడిగినవాణ్ణే: అవేవీ లేవు. మాత్రలు వాడికే ఇచ్చేశాను. మరి పొద్దున ఆ పది నిమిషాల దగ్గు? పక్క గదివాళ్లు గోడ కొడుతున్నారు.

జవాబు 1: గొంతు చించుకోకండి. ముందు గోరువెచ్చటి నీళ్లు తాగి, నాలుగైదు సార్లు నిదానంగా నిండా గాలి పీల్చి, అద్దం మీద ఆవిరి ఊదినట్టు నోరు తెరిచి "హా" అని బలంగా వదలండి. రెండుసార్లు చేసి కాసేపు మామూలుగా ఊపిరి తీసుకోండి. తెమడ పైకొచ్చిందనిపించాక ఒక్క దగ్గు చాలు.