"దేశదిమ్మరుల గుడారాల్లో బస": ఈ మాట సరైనదేనా?

అడిగినవారు (రిటైర్డ్ తెలుగు టీచర్, హైదరాబాద్):
అందరికీ నమస్కారం. వచ్చే జూలైలో మేం పద్నాలుగు మందిమి గైడ్‌తో కలిసి మంగోలియా వెళ్తున్నాం. ఉలాన్‌బాతర్‌లో దిగి దక్షిణాన గోబీకి, అక్కణ్ణుంచి గడ్డిమైదానాలకు. మాలో సగం మంది అరవై దాటినవాళ్ళే. ఇంగ్లీషులో ఉన్న కార్యక్రమం చదవడం వాళ్ళకు కష్టమని తెలుగులో రాసే పని నేను తీసుకున్నాను. ఇదివరకు ఎవరో చేసిన తెలుగు ప్రతి ఒకటి దొరికింది. అందులో మూడో రోజు దగ్గర "దేశదిమ్మరుల గుడారాల్లో బస" అని ఉంది. చదవగానే మనసు ఒప్పుకోలేదు. ఎందుకో మాత్రం చెప్పలేకపోతున్నాను. వేరే మాట ఉంటే చెప్పండి.

జవాబు 1:
అమ్మా, మీకు సరిగ్గానే తట్టింది. 'దిమ్మరి'కి మూలం 'త్రిమ్మరు', తిరగడం. రాత్రిపూట తిరుగుతాడని రాక్షసుణ్ణి పాత కవులు 'రేద్రిమ్మరి' అన్నారు. ఈరోజు దేశదిమ్మరి అంటే ఇల్లూ వాకిలీ పట్టనివాడు, రేపు ఎక్కడుంటాడో తనకే తెలియనివాడు. ఇంట్లో పిల్లవాణ్ణి కోప్పడేటప్పుడు నోటికొచ్చే మాట అది.

మంగోలియా కాపరి అలా తిరగడు. అతనికి నాలుగు కాలాలకు నాలుగు చోట్లు ఉంటాయి, నాలుగింటికీ వాళ్ళ భాషలో వేరే వేరే పేర్లున్నాయి. వసంతంలో ఉండే చోటు ఖవర్‌జా, ఎండాకాలంలో జుస్లన్, ఆకు రాలే కాలంలో నమర్‌జా, చలికాలంలో ఒవుల్‌జో. చలికాలపు చోటు కొండ చాటున, గాలి తగలని మలుపులో చూసుకుంటారు. పశువులకు దొడ్డి అక్కడ కట్టే ఉంటుంది. మామూలుగా ఏటా ఆ చోటికే తిరిగి వస్తారు. కొల్లేరుకు వచ్చే పక్షుల్ని మనం వలసపక్షులంటాం, దిమ్మరి పక్షులని ఎవరూ అనరు కదా.

జవాబు 2:
'సంచార జాతులు' అంటే సరిపోదా? ప్రభుత్వ కాగితాల్లో ఉన్న మాటే కాబట్టి తప్పుపట్టేవాళ్ళు ఉండరు.

జవాబు 1:
'సంచార' వరకు నాకు అభ్యంతరం లేదు. 'జాతులు' దగ్గరే ఆగాను. మంగోలియా జనాభా సుమారు 35 లక్షలు, అందులో దాదాపు సగం ఉలాన్‌బాతర్‌లోనే ఉంటారు. అన్న గడ్డిమైదానంలో గుర్రాలు కాస్తుంటాడు, చెల్లెలు సిటీలో ఉద్యోగం చేస్తుంటుంది. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే భాష. అక్కడ పశువుల వెంట తిరగడం బతుకుతెరువు, జాతి కాదు.

ఇంకో కారణం కూడా ఉంది. మన దగ్గర ఊరూరా తిరిగి బతికిన ఎన్నో కులాలను, తెగలను 1871 నాటి బ్రిటిష్ చట్టం పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసింది. 1952లో ఆ చట్టం పోయింది. ఆ అనుమానపు చూపు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. అందుకే తిరిగి బతికేవాళ్ళ గురించి ఏ మాట రాసినా ఒకటికి రెండుసార్లు చూసుకోవాలంటాను. 'దిమ్మరి' అసలే వద్దు.

జవాబు 3 (పాలమూరు, కురుమ కుటుంబం):
టీచర్ గారూ, నాదొక మాట. మా తాత, మా నాయిన గొర్లు కాసినోళ్ళే. ఎండలు ముదిరితే మందను తోలుకొని నల్లమల దిక్కు పోయేటోళ్ళు. ఏ ఊర్లో ఏ రైతు చేన్ల మంద పెట్టాలె, ఏ వాగుల నీళ్ళుంటయి, అంతా నోటికే ఉండేది. వానలు పడితే ఇంటికొచ్చేటోళ్ళు. చుట్టుపక్కల ఎవ్వరూ మమ్మల్ని దిమ్మరులనలే. మందోళ్ళు అన్నరు, గొర్లకాపరులు అన్నరు. మీరు చెప్పే మంగోలియా వాళ్ళు వాళ్ళను వాళ్ళు ఏమనుకుంటరు? ముందు అది చూడాలె కదా.

జవాబు 4 (రెండేళ్ళ కిందట ఇలాంటి బృందంతో వెళ్ళివచ్చినవారు):
అన్నా, మంచి ప్రశ్న వేశారు. వాళ్ళు తమను 'మల్చిన్' అంటారు. మల్ అంటే పశువులు, మల్చిన్ అంటే పశువులు చూసుకునేవాడు. అచ్చం మన 'కాపరి'. తిరుగుడును బట్టి వచ్చిన 'నూదెల్చిన్' అనే మాట కూడా ఉంది, అది ఎక్కువగా సంస్కృతి గురించి మాట్లాడేటప్పుడు వింటాం. పశువులంటే ఐదు రకాలు లెక్క: గుర్రం, ఒంటె, ఆవు, గొర్రె, మేక. జడలబర్రె కూడా ఆవు లెక్కలోకే వస్తుంది. కాపరులు పలకరించుకునేటప్పుడు "మీ పశువులు బలిసి బాగున్నాయా?" అని అడుగుతారు. గైడ్ దాని అర్థం చెప్పగానే మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో "పాడీ పంటా బాగున్నాయా" అని అడగడం గుర్తొచ్చి నాకు కళ్ళు చెమర్చాయి.

గడ్డి అందక వాళ్ళు పడే టెన్షన్ మామూలుది కాదు. మంచు గడ్డకట్టి పశువులకు మేత దొరకని చలికాలాన్ని 'జుద్' అంటారు. 2009-10 జుద్‌లో 80 లక్షలకు పైగా పశువులు చనిపోయాయి. అలాంటప్పుడు మేత వెతుక్కుంటూ మామూలు దారి విడిచి దూరం పోవడాన్ని 'ఒతొర్' అంటారు. ఇంత లెక్కతో, ఇంత భయంతో కదిలేవాళ్ళను దిమ్మరులంటే నేనూ ఒప్పుకోను.

ఇంకొకటి, 'గుడారం' కూడా మార్చండి. గుడారం అనగానే మనకు బట్ట, తాళ్ళు కళ్ళ ముందుకొస్తాయి. వాళ్ళది చెక్క జాలీ గోడ, చెక్క తలుపు, పైన గుండ్రటి చట్రం, దాన్నుంచి గొడుగు ఊచల్లా దిగే కర్రలు. చుట్టూ నేయకుండా తడిపి, అదిమి చేసిన మందపాటి ఉన్ని. తలుపు దక్షిణం వైపు ఉంటుంది. లోపలికి వెళ్ళేటప్పుడు గడప తొక్కకూడదు, ఆ పట్టింపు మనవాళ్ళకు చెప్పక్కర్లేదు. దాని పేరు 'గెర్'. వాళ్ళ భాషలో గెర్ అంటే ఇల్లు, అంతే. దగ్గరికి వెళ్తూ "నొఖోయ్ ఖోర్" అని కేకవేస్తారు, కుక్కను పట్టుకోండి అని. బయట ఇంటివాళ్ళను పిలిచే కేక అదే. టూరిస్టుల కోసం వరసగా వేసినవి వేరు, వాటిని గెర్ క్యాంపు అనే రాయండి.

అడిగినవారు:
మీ అందరికీ ఎంతో కృతజ్ఞతలు. నాకు ఎందుకు నచ్చలేదో ఇప్పుడు తెలిసింది. ఒక్క వాక్యంలో వాళ్ళ పనినీ ఇంటినీ రెంటినీ లేకుండా చేశాం. మరి 'గోబీ ఎడారి' సంగతేమిటి?

జవాబు 1:
మంగోలియన్‌లో 'గోవి' అంటే గులకరాళ్ళ నేల, పల్చటి గడ్డి, పశువులు మేయగలిగిన మెట్ట. ఉత్త ఎడారికి 'చోల్' అని వేరే మాట ఉంది. ఖొంగొరిన్ ఎల్స్ దగ్గర మీరు ఎక్కే పెద్ద ఇసుక దిబ్బలు గోబీలో కొద్ది భాగమే. కానీ తెలుగు పాఠకులకు 'గోబీ ఎడారి' అలవాటైపోయింది. మొదటిసారి అలాగే రాసి ఒక వాక్యం వివరణ ఇవ్వండి, తర్వాత 'గోబీ' చాలు.

అడిగినవారు:
అలాగే. మూడో రోజు ఇలా రాశాను: "గోబీలో పశుకాపరుల ఇళ్ళల్లో రెండు రాత్రులు బస."

జవాబు 3:
మంచిగుంది టీచర్ గారూ. 'బస' కూడా తీసెయ్యుండ్రి. హోటల్ల అయితే బస. ఇంట్లకు పోతే "రెండు రాత్రులు ఉంటాం" అనే అంటం.