క్రిస్మస్ అంటే శాంటా, షాపింగే కాదని పిల్లలకు ఎలా చెప్పాలి?

అందరికీ వందనాలు. మాది గుంటూరు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. పిల్లలకు తొమ్మిదేళ్లు, ఆరేళ్లు. డిసెంబర్ వస్తే చాలు, ఇంట్లో మాటలన్నీ కొత్త బట్టలు, ఆన్‌లైన్ ఆఫర్లు, స్కూల్లో సీక్రెట్ శాంటాకి ఏం కొనాలన్న టెన్షన్ చుట్టూనే. చిన్నవాడైతే ఆ రోజు శాంటా పుట్టినరోజనే అనుకుంటున్నాడు!

ఈసారి ఇంట్లో అడ్వెంట్ పాటించాలని ఉంది. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు, వారానికో కొవ్వొత్తి అదనంగా వెలిగిస్తూ, బైబిల్లో యెషయా 9తో మొదలుపెట్టి లూకా 2 దాకా చదవాలని ఆలోచన. శాంటాని పూర్తిగా కొట్టిపారేయడం నాకిష్టం లేదు. శాంటా కథకు మూలమైన, 4వ శతాబ్దంలో మైరా (నేటి టర్కీలో ఉంది) బిషప్‌గా ఉన్న నికోలస్ గురించి ఆయన పండుగ రోజున, డిసెంబర్ 6న చెబితే సరిపోతుందేమో.

మా అత్తయ్యగారేమో "పండగ పూట పిల్లలకు బట్టలు కూడా కొనవా?" అంటున్నారు. మానేద్దామని కాదు, తగ్గిద్దామని. మిగిలిన డబ్బు పిల్లల చేతులతోనే అవసరమున్నవాళ్లకు ఇప్పించాలి, అదీ ఫొటోలు, ఫ్లెక్సీలు లేకుండా.

ఇలా చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆరేళ్లవాడు కదలకుండా వినాలంటే వాక్యం ఎంతసేపు చదవొచ్చు? ఇంట్లో పెద్దవాళ్లను ఎలా ఒప్పించారు?