కరెంటు పోయినప్పుడల్లా తూకం లెక్కలు ఆగిపోతున్నాయి: నెట్‌వర్క్ స్విచ్‌ల ఎస్టీపీలో ఏమి మార్చాలి?

ప్రశ్న (భీమవరం)

మా రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఆఫీసు, తూకం విభాగం, కోల్డ్ స్టోరేజీలకు ఒక్కో సిస్కో నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే పెట్టె) ఉంది. ఒక కేబుల్ తెగినా పని ఆగకూడదని మూడింటినీ ముక్కోణంగా కలిపాము. కోల్డ్ స్టోరేజీ స్విచ్ పాతది, దానికి యూపీఎస్ లేదు. కరెంటు పోయి అది ఆగినప్పుడు, దానితో పనే లేని తూకం విభాగం నుంచి ఆఫీసు సర్వర్‌కు లెక్కలు రావడం అర నిమిషం పాటు నిలిచిపోతోంది. జనరేటర్ అందుకుని ఆ స్విచ్ లేచాక మళ్లీ అదే తంతు. మూడింటిలోనూ ఎస్టీపీ (స్పానింగ్ ట్రీ, అంటే డేటా ముక్కోణంలో చుట్టూ తిరుగుతూ ఉండకుండా ఒక దారిని మూసి ఉంచే పద్ధతి) ప్రయారిటీ 32769 అనే ఉంది. యూపీఎస్ కొంటే సరిపోతుందాండి, సెట్టింగులే మార్చాలా?

జవాబు (కాకినాడ)

యూపీఎస్ ఎలాగూ పెట్టించండి, కానీ అసలు లోపం అది కాదు. ప్రయారిటీ అంకె తక్కువున్న స్విచ్ రూట్ (మిగతావి తమ దారులను లెక్కించుకునే పెద్ద స్విచ్) అవుతుంది; అవి సమానంగా ఉంటే తక్కువ మ్యాక్ అడ్రస్ (తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉన్నది అవుతుంది. ఒకే కంపెనీవైతే అది తరచుగా పాతదే అవుతుంది కనుక, మనం ఎంచుకోకపోతే ఇంట్లో ముసలాయనకే పెత్తనం దక్కుతుంది. మీ కోల్డ్ స్టోరేజీ స్విచ్ రూట్ అయి ఉంటే, మూడు కేబుళ్లూ ఒకే వేగంవి అయినప్పుడు, ఎస్టీపీ ఆఫీసు–తూకం కేబుల్‌నే ఒక చివర మూసేసి, లెక్కలన్నిటినీ కోల్డ్ స్టోరేజీ గుండా తిప్పుతుంది. ఆ స్విచ్ పడిపోతే మూసిన పోర్టు లిజనింగ్, లెర్నింగ్ అనే రెండు ఎదురుచూపు దశల్లో చెరో 15 సెకన్లు గడిపాకే తెరుచుకుంటుంది.

ఆఫీసు స్విచ్‌లో ‘స్పానింగ్-ట్రీ వీల్యాన్ 1 ప్రయారిటీ 4096’, తూకం స్విచ్‌లో 8192 ఇవ్వండి. ఈ అంకె 4096 గుణిజమే కావాలి. వేరే వీల్యాన్‌లు (అవే స్విచ్‌లలో విడదీసిన నెట్‌వర్క్‌లు) ఉంటే వాటికీ విడిగా ఇవ్వాలి. అప్పుడు మూతపడేది తూకం–కోల్డ్ స్టోరేజీ కేబుల్ కనుక, ఆ పాత స్విచ్ ఆగినా మీ లెక్కలు కదలవు. ఆపై మూడింటిలోనూ ‘స్పానింగ్-ట్రీ మోడ్ రాపిడ్-పీవీఎస్టీ’ (దారి త్వరగా తెరిచే ఎస్టీపీ) పెట్టండి. మార్చేటప్పుడు నెట్‌వర్క్ కాసేపు ఆగుతుంది కాబట్టి, లోడు తూకంలో లేని వేళ చూసుకోండి. సెట్టింగులను భద్రపరిచే ‘రైట్ మెమరీ’ ఆదేశం మాత్రం మరవకండి, లేకపోతే ఈసారి కరెంటు పోయినప్పుడు ఈ మార్పులన్నీ దానితోపాటే పోతాయి.

జవాబు (అమలాపురం)

పై సలహాకు ఒక్క చేర్పు. కంప్యూటర్లు, తూకం యంత్రాలు ఉన్న పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్‌తో (ఎదురుచూపు లేకుండా పోర్టును వెంటనే తెరిచేది) పాటు బీపీడీయూ గార్డ్ కూడా ఇవ్వండి (బీపీడీయూ అంటే ఎస్టీపీ కోసం స్విచ్‌లు పంపుకునే సందేశం); ఎవరైనా అక్కడ మరో స్విచ్ తగిలించి, దాని నుంచి బీపీడీయూ వస్తే ఆ పోర్టు దానంతటదే మూతపడుతుంది. స్విచ్‌ల మధ్య పోర్టులకు మాత్రం పోర్ట్‌ఫాస్ట్ వద్దు.

ప్రశ్న అడిగినవారు

ప్రయారిటీలు, మోడ్ మార్చానండి. ఇప్పుడు ఆఫీసు స్విచ్చే రూట్. కానీ ‘షో స్పానింగ్-ట్రీ’లో కోల్డ్ స్టోరేజీ వైపు పోర్టుకు మాత్రం ‘పీటూపీ’ బదులు ‘షేర్డ్’ అని వస్తోంది.

జవాబు (కాకినాడ)

అంటే ఆ పోర్టు హాఫ్ డ్యూప్లెక్స్‌లో (ఒకసారికి ఒకవైపే డేటా వెళ్లేలా) నడుస్తోంది; అలాంటి లింకు మీద రాపిడ్ కూడా పాత పద్ధతిలోనే 30 సెకన్లు తీసుకుంటుంది. పాత స్విచ్‌లో ఎవరో వేగం 100, డ్యూప్లెక్స్ ఫుల్ అని స్థిరంగా పెట్టి ఉంటారు, ఇటు ఆటో (రెండు చివరలూ మాట్లాడుకుని తామే ఎంచుకునేది) ఉంటుంది. రెండు చివర్లా ఆటో పెట్టి చూడండి. అయినా మారకపోతే కేబుల్ మార్చాలి.