అప్‌డేట్: సీలెంట్ పూశాక బానెట్ మీద తెల్ల మచ్చలు, కారణం తేలింది

పోయిన నెల ఇక్కడే అడిగాను. ఇంట్లో కారుకి పెయింట్ సీలెంట్ (పెయింట్‌ని కాపాడే పల్చటి పొరలా పూసే ద్రవం) పూశాక నల్ల బానెట్ మీద గుండ్రటి తెల్ల మచ్చలు, ఎండలో చూస్తే నూనె గుడ్డతో తుడిచినట్టు చారలు. సమాధానమిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

సీలెంట్ నకిలీది కాదు. మైక్రోఫైబర్ గుడ్డలు మార్చినా తేడా రాలేదు. "ముందు ఏ నీళ్లతో కడిగారు?" అని అడిగినవాళ్లే అసలు సంగతి పట్టుకున్నారు. మాది బోరు నీళ్లు, బకెట్ అంచున తెల్లగా పెచ్చు కడుతుంది. డిటెయిలింగ్ షాపతను (కార్లు శుభ్రం చేసి పాలిష్ పెట్టే అతను) లైటు వేసి చూపించాడు: ఆ నీళ్ల చుక్కలు ఆరిన మరకల మీదే సీలెంట్ పూసేశాను. మచ్చల్ని వెనిగర్ నీళ్లతో తుడిచినా పోకపోవడం కూడా అందుకేనట, మరకలు పొర కింద ఉండిపోయాయి.

చారల సంగతి వేరు. మధ్యాహ్నం వేడి రేకు మీద మందంగా పూస్తే తుడిచేలోపే ఎండిపోయింది.

బానెట్ వరకు అతనే మెషీన్ పాలిష్ చేశాడు. మిగతాది నేనే చేసుకున్నా. కడిగాక ప్లాస్టిక్ కవర్ చేతికి తొడుక్కుని పెయింట్ మీద నిమిరితే ఇసుకలా గరగరలాడింది. క్లే బార్ (పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద) రుద్ది, చివర్లో ఆర్‌ఓ నీళ్లు పోసి, ఆరనివ్వకుండా టవల్‌తో అద్దాను. తర్వాత జిడ్డు పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగం నీళ్లు కలిపి తుడిచి, పొద్దున్నే నీడలో ఒక్కో డోరు చొప్పున సీలెంట్ పల్చగా పూశా. రాత్రంతా తడి తగలనివ్వలేదు.

నిన్న వాన పడింది. చినుకులు పూసల్లా జారిపోయాయి, ఒక్క మచ్చ లేదు.